ముఖమున ముడుతలు – శస్త్రచికిత్స



నలుబదేండ్లు సమీపించిన స్త్రీ కనుకొలకులయందు సన్నని గీతలను, రెప్పలపై వ్రాలిన చర్మమును, నోటి కిరుప్రక్కల నేర్పడిన చాళ్లను చూచుకొని నిట్టూర్చుట క్రొత్త సంగతి కాదు. మన యమ్మమ్మల కాలమున నా నిట్టూర్పుతోనే సంగతి ముగిసెడిది. నేడట్లు కాదు. పట్టణములయందు సౌందర్య చికిత్సాలయములు వీథివీథిని వెలసినవి. చేతిలోని ఫోను తెఱచినంతనే వయసు తగ్గింతుమను ప్రకటనలు కనబడుచున్నవి. ఒకప్పుడు సినిమాతారలకే పరిమితమైన యీ చికిత్సలను గూర్చి నేడు గుమాస్తాలు, ఉపాధ్యాయినులు, గృహిణులు సైత మాలోచించుచున్నారు. కావున నీ విషయమును ఎగతాళి చేసి విడుచుటయు, గ్రుడ్డిగా నమ్ముటయు రెండును తగవు. తెలిసికొని నిర్ణయించుకొనుట మేలు.

మొదట, ఇట్టి కోరిక తప్పా యని ప్రశ్నించుకొందము. మహాభారతమున యయాతి శుక్రుని శాపముచే ముదిమి పొంది, కుమారుడైన పూరుని యౌవనమును గ్రహించి చిరకాలము భోగము లనుభవించెను. వృద్ధుడైన చ్యవనమహర్షి యశ్వినీదేవతల యనుగ్రహమున సరస్సులో మునిగి నవయువకుడై వెలువడెను. అశ్వినులు దేవవైద్యులు గదా! ఒక విధముగ నదియు చికిత్సాకథయే. యౌవనమును మరల పొందిన యీ యిరువురును పురుషులే. వారి సోకును చూచి లోకము నవ్వినట్లు మన మెఱుగము. కాని యొక గృహిణి తన ముఖమును గూర్చి వైద్యుని సలహా యడిగినచో "బిడ్డలు పెండ్లి కెదిగిరి, ఇంకను ముస్తాబులా?" యని యింటివారే నవ్వుదురు. తల నెరసిన పురుషుడు అనుభవశాలి యగును. తల నెరసిన స్త్రీ ముసలిది యగును. ఈ న్యాయ మెక్కడిది? అయినను యయాతి కథయందలి చివరి భాగమును మఱవరాదు. ఎంత యనుభవించినను కోరిక తీరదని గ్రహించి యాతడు యౌవనమును కుమారునకు తిరిగి యిచ్చివేసెను. కోరికను నిందింపనక్కఱలేదు, దాని కొక హద్దు నేర్పఱచుకొనవలయును.

శస్త్రముతో ముఖమును చక్కదిద్దు విద్య మన దేశమునకు క్రొత్త కాదు. తెగిన ముక్కును చెక్కిలి చర్మముతో తిరిగి నిర్మించు విధానము సుశ్రుతసంహితయందు వర్ణింపబడినది. నుదుటి చర్మముతో ముక్కు నిర్మించిన భారతీయుల నైపుణ్యమును గూర్చి 1794వ సంవత్సరమున లండనునందలి జెంటిల్మన్స్ మేగజైను ప్రకటింపగా, పాశ్చాత్య వైద్యు లాశ్చర్యపడి యా పద్ధతి నభ్యసించిరి. అయితే యా విద్య గాయపడినవారికొఱకు పుట్టినది. వయసుచే వచ్చిన ముడుతలకొఱకు కత్తి పట్టుట యిరువదవ శతాబ్దారంభమున యూరపుఖండమున మొదలైనది.

అట్లు కత్తి పట్టిన తొలివారిలో సుజాన్ నోయెల్ అను ఫ్రెంచి వైద్యురాలు ముఖ్యురాలు. ఆమె 1878లో జన్మించి 1954లో మరణించెను. మొదటి ప్రపంచయుద్ధ కాలమున ముఖములు ఛిద్రములైన సైనికులకు చికిత్స చేసిన యనుభవ మామెకు గలదు. పిమ్మట పారిసునందలి తన యింటనే, చోటుమాత్రము తిమ్మిరెక్కించి, చెవుల చెంతను వెండ్రుకల యంచునను చర్మమును కొద్దికొద్దిగ కత్తిరించి కుట్టు చిన్న చికిత్సలు చేసెడిది. 1926లో సౌందర్య శస్త్రచికిత్సను, దాని సాంఘిక ప్రయోజనమును గూర్చి గ్రంథము వ్రాసెను. ముఖమున వయసు కనబడుటచే కొలువు పోగొట్టుకొను స్త్రీల కీ చికిత్స జీవనాధారమును నిలుపునని యామె వాదము. స్త్రీలకు వోటు హక్కు కావలెనని పోరాడినదియు నామెయే. ఇందొక చిక్కు గలదు. ముడుతలున్న స్త్రీకి పని యీయని లోకమును మార్చవలెనా? లేక యా స్త్రీ ముఖమును మార్చవలెనా? నోయెలు రెంటికిని పూనుకొనెను. లోకము మాఱువఱకు నేటి కూడు నేడు కావలెను గదా యని యామె తలచియుండ వచ్చును. ఆమె రోగుల యవసరము నేటికిని తీఱలేదు.

ఇక ముడుత లెందువలన వచ్చును? చర్మమునకు బిగువు నిచ్చునది కొల్లాజెను. సాగిన చర్మమును మరల యథాస్థితికి తెచ్చునది ఎలాస్టిను. వయసుతో పాటు కొల్లాజెను క్రమముగ తగ్గును. బహిష్టు లాగిపోయిన తొలి యేండ్లలో నీ తఱుగుదల మఱింత వేగముగ నుండును. చెక్కిళ్లయందలి క్రొవ్వు సన్నగిల్లి క్రిందికి జాఱును. ముఖపుటెముకలు సైతము కొంత యరుగును. ఎండయు, పొగత్రాగుటయు నీ మార్పును త్వరపెట్టును. మన చామనచాయ చర్మమునందలి మెలనిను కొంత కాపాడుటచే తెల్లవారికంటె మనకు ముడుతలు ఆలస్యముగ వచ్చును. కాని మంగుమచ్చలును, గాయము మానినచోట నలుపును మనకే యెక్కువ.

చిన్న చికిత్సలని చెప్పబడునవి ముఖ్యముగ మూడు. మొదటిది బొటాక్సు సూది. చెడిన నిలువ యాహారమునందు పెరుగు నొక సూక్ష్మజీవి పుట్టించు విషమును అత్యల్ప మాత్రలో కండరములోని కెక్కింతురు. ఆ కండరము కొంతకాలము సడలును. దానితో నుదుటి గీతలు, కనుబొమల నడిమి గీతలు తగ్గును. కెనడా దేశమున కంటి వైద్యురాలైన జీన్ కారుథర్సు, కంటిరెప్పలు బలవంతముగ మూసికొనిపోవు వ్యాధికి దీనిని వాడుచుండ, రోగుల నుదుటి గీతలు మాయమగుట గమనించెను. ఆమెయు, చర్మవైద్యుడైన యామె భర్తయు 1992లో నీ సంగతి ప్రకటించిరి. కనుబొమల నడిమి గీతలకు దీనిని వాడుటకు 2002లో అమెరికా ప్రభుత్వ మనుమతి నిచ్చెను. దీని ఫలితము మూడు నాలుగు నెలలు మాత్రమే నిలుచును. మందు ప్రక్కకు వ్యాపించినచో కంటిరెప్ప కొన్ని వారములు వ్రాలిపోవచ్చును. గర్భిణులును, పాలిచ్చు తల్లులును దీని జోలికి పోరాదు.

రెండవది ఫిల్లరు. హయలూరానిక్ ఆమ్లమను జిగురు పదార్థమును చర్మము క్రింద నింపి పల్లములు పూడ్చుదురు. ఇది సాధారణముగ నాఱు నెలల నుండి యేడాదిన్నర వఱకు నుండును. నచ్చనిచో కరగించుటకు మందు గలదు. దీనిని మిక్కిలి తేలిక పనిగ ప్రకటింతురు. కాని సూది రక్తనాళమున దిగి జిగురు దానిలోనికి పోయినచో నా చోటి చర్మము చచ్చిపోవచ్చును. మిక్కిలి యరుదుగ చూపే పోవచ్చును. ముక్కు, కనుబొమల నడిమి చోటు ప్రమాద స్థానములు. కావున దీనిని అలంకారశాలలో నేర్పు లేనివారిచే చేయించుకొనుట సాహసమే.

మూడవది కంటిరెప్పల శస్త్రచికిత్స. పై రెప్పయందు వ్రేలాడు చర్మమును కత్తిరించి మడతలో మచ్చ యణగునట్లు కుట్టుదురు. తఱచుగ చోటుమాత్రము తిమ్మిరెక్కించి గంట రెండు గంటలలో ముగింతురు. వారములోపల కుట్లు తీయుదురు. ఒకటి రెండు వారములు కమిలిన నలుపును, వాపును ఉండును. కన్నులు పొడిబాఱుట, రెండు రెప్పలు సమముగ లేకుండుట సంభవింపవచ్చును. మిక్కిలి యరుదుగ కంటి వెనుక రక్తస్రావమై చూపునకే ముప్పు రావచ్చును. ఇది సూదులవలె కొన్ని నెలల ముచ్చట కాదు. ఫలితము చాల యేండ్లు నిలుచును. తప్పు జరిగినచో దాని గుర్తును నిలుచును.

పై మాటలు విని భయపడుటకో ఉబలాటపడుటకో ముందు నా పినతల్లి కుమార్తె సంగతి వినుడు. ఆమె ముప్పది తొమ్మిదేండ్లది. హైదరాబాదున నొక కార్యాలయమున నుద్యోగము చేయుచున్నది. ఆమె కన్నులు వాచి, పై రెప్పలు వ్రాలియుండెడివి. దినదినము నెవరో యొకరు "ఒంట్లో బాగులేదా? రాత్రి నిద్ర లేదా?" యని యడుగుచుండిరి. ఒక చికిత్సాలయమునకు పోగా, అయిదు నిమిషములలో నాలుగు సూదుల పట్టిక చేతి కిచ్చి, నేడే డబ్బు కట్టినచో తగ్గింపు గలదని చెప్పిరట. ఆమె మాఱు మాటాడక తిరిగి వచ్చెను. పిమ్మట వేఱొక శస్త్రవైద్యురాలి నాశ్రయింపగా, ఆమె ముఖమును చూచుటకంటె ముందు నిద్ర, బరువు, బహిష్టు, జుట్టు రాలుట మున్నగువానిని గూర్చి యడిగి, రక్తపరీక్ష చేయించెను. థైరాయిడు మాంద్యమని తేలినది. మందు పుచ్చుకొన్న ఆఱు నెలలకు వాపు తీసెను. ఒంటి బడలికయు తగ్గెను. ఆ మొదటి సూదులు వేయించుకొని యున్నచో రోగ మట్లే యుండి ధనము మాత్రము పోయెడిది.

కాని రెప్పలపై చర్మము వ్రాలియే యుండెను. ఆమె మఱి యాఱు నెలలు యోచించి, తన జీతములో నిలువచేసిన సొమ్ముతో శస్త్రచికిత్సకు సిద్ధపడెను. భర్త "నీ ముఖమున కేమి? నా కంటికి బాగుగనే యున్నది" అనెను. "మీ కంటికి బాగుండుట నాకు సంతోషమే. కాని యీ రెప్పల బరువు మోయునది నేను గదండీ" యని యామె చెప్పినదట. చికిత్స జరిగెను. పది దినములు కన్నులు కమిలి యింట నుండెను. రెండు నెలలు కన్నులు పొడిబాఱి చుక్కల మందు వేసికొనెను. కార్యాలయమునకు తిరిగి పోగా నెవ్వరును గుర్తింపలేదు. "సెలవులో బాగుగ విశ్రమించినట్లున్నావే" అని మాత్ర మనిరి. కనుకొలకుల గీతలు పూర్వమువలెనే యున్నవి. "అక్కా, నేను వేఱొక మనిషిని కాలేదు. నన్ను చూచి జాలిపడుట మానిరి. నా కంతే కావలసినది" అని యామె నాతో ననెను. ఇంతకు మించి యాశింపని వారికే యీ చికిత్స సంతృప్తి నిచ్చునని నాకు తోచినది.

కావున నిట్టి యోచన గలవారు కొన్ని సంగతులు ముందుగ విచారింపవలయును. రెప్ప వ్రాలుట, ముఖము వాచుట యొక్కొకప్పుడు రోగచిహ్నములు. ఒక రెప్ప హఠాత్తుగ వ్రాలినను, చూపు రెండుగ కనబడినను సౌందర్య వైద్యుని యొద్దకు గాక వెంటనే పెద్దాసుపత్రికి పోవలయును. చికిత్స చేయు వైద్యుని పేరు వైద్యమండలి పట్టికలో నున్నదో లేదో చూడవలయును. శస్త్రచికిత్సకు ప్లాస్టిక్ సర్జరీయందు ఎం.సీహెచ్. వంటి పట్టము గలవారిని, రెప్పల పనికి ఆ విద్య నభ్యసించిన కంటి వైద్యులను, సూదులకు చర్మవైద్యులను ఆశ్రయించుట క్షేమము. "ఏమైన పొరపాటు జరిగినచో నెవరు చూతురు? ఎప్పుడు రావలెను?" అని యడిగినపుడు విసుగుకొను వైద్యునికి దూరముగ నుండుడు. గాయపు మచ్చలు గడ్డకట్టినట్లు లేచు శరీరతత్త్వ మున్నచో ముందే చెప్పుడు.

వెల విషయమున గృహిణి లెక్క వేఱు. నాలుగు నెలలకొక సూది యనగా నేటికి మూడు. ఒక్కసారి వెలను గాక అయిదేండ్ల వెలను లెక్కింపవలయును. ప్రమాదమువలన గాని, పుట్టుకతో గాని వచ్చిన లోపమును సరిచేయునవి తప్ప, ఇట్టి చికిత్సలకు మన దేశమున వైద్యసేవలకు గల జీఎస్టీ మినహాయింపు లేదు. బీమా సంస్థలును సామాన్యముగ సొమ్మీయవు. అప్పు చేసి ముఖము దిద్దుకొన్నవారి ముఖమున నా యప్పు మరల ముడుతలు తెచ్చును.

కత్తికంటె ముందు చేయదగినవియు గలవు. ఎండలోనికి పోవునపుడు గొడుగు, సన్‌స్క్రీను, చాలినంత నిద్ర – ఇవి ఉన్న ముడుతలను తుడువకున్నను రానున్నవానిని ఆలస్యము చేయును. విటమిను ఏ జాతికి చెందిన లేపనములు సన్నని గీతలను కొంత తగ్గించును. వైద్యుని సలహాతోనే వాడవలయును, గర్భిణులు వాడరాదు.

తుదకు కోరిక యెచ్చటినుండి పుట్టినదో పరీక్షించుకొనుడు. భర్త యనురాగము తగ్గినదని, తోటికోడలు వెక్కిరించెనని, చిన్న లోపమే రాత్రింబవళ్లు మనస్సును తొలుచుచున్నదని వచ్చిన కోరికను కత్తి తీర్పజాలదు. అట్టివారికి ముందు మనస్సునకు వైద్యము కావలయును. మంచి శస్త్రవైద్యులు వారికి చికిత్స నిరాకరింతురు కూడ. నెమ్మదిగ నేడాది యోచించినను నిలిచిన కోరిక, సొంత సొమ్ము, తెలిసిన వైద్యుడు, మితమైన యాశ – ఈ నాలుగును గల స్త్రీని నిందించు నధికార మెవరికిని లేదు. చేయించుకొననని చెప్పు స్త్రీని "ముసలిదానవైతివి" అను నధికారమును ఎవరికిని లేదు.

మఱియొక మాట. మన యిండ్లలో పండ్రెండేండ్ల బాలికలు మన మాటలు వినుచున్నారు. తల్లి తన ముఖమును దినమును తిట్టుకొనుచుండగ వినిన బిడ్డ తన ముఖమును ప్రేమించుట నేర్వదు. చికిత్స చేయించుకొనుడు, మానుడు, మీ యిష్టము. కాని ఇన్నేండ్లు నవ్వియు, ఏడ్చియు, ఎండలో పనిచేసియు సంపాదించుకొన్న ముఖమును బిడ్డల యెదుట నీచముగ మాట్లాడకుడు.