ఇంట్లోనే ఉన్నా పని ఎందుకు సాగలేదు?

ఇవాళ కంప్యూటరు ఆటల గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. ఆడేవాళ్ళ గురించి కాదండోయ్, తయారు చేసేవాళ్ళ గురించి.

పెద్ద కంపెనీ అండ లేకుండా ఒక్కరో, ఇద్దరు ముగ్గురో కలిసి సొంతంగా ఆట తయారు చేసేవాళ్ళని ఇండీ డెవలపర్లు అంటారు. బొమ్మలు గీసేదీ, కోడు రాసేదీ, చివరికి అమ్ముకునేదీ వాళ్ళే. వీళ్ళలో చాలామంది ఎప్పుడూ ఇంటినుంచే పని చేస్తారు. అందుకని 2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు వీళ్ళకి కలిసొచ్చిందనే అనుకున్నాం. ఆ లెక్క ఎక్కడ తప్పిందో చూద్దాం.

దోహాలో మేముండే ఫరీజ్ బిన్ మహమూద్‌నే తీసుకోండి. అపార్టుమెంట్లు కిక్కిరిసిన పేట. 2020 మార్చి 10 నుంచి ఖతార్‌లో బళ్ళు మూతపడ్డాయి. 15వ తేదీ రాత్రినుంచి మెట్రో, బస్సులు ఆగిపోయాయి. ఏప్రిల్ 2 నుంచి ప్రైవేటు కంపెనీల్లో కూడా నూటికి 80 మంది ఇంటినుంచే పనిచెయ్యాలన్నారు. ఇక చూడండి. పడగ్గదిలో ఆయన ఆఫీసు మీటింగు, హాల్లో పిల్లల ఆన్‌లైన్ క్లాసు, వంటింటి బల్లమీద ఆవిడ లాప్‌టాపు. ఆ ఇంట్లో పగలు ఉద్యోగం చేసుకుంటూ, రాత్రిళ్ళు ఆట తయారు చేసుకునే కుర్రాడు ఒకడున్నాడనుకోండి. ప్రయాణం తప్పింది కాబట్టి గంటలు మిగిలాయి. కానీ మధ్యలో ఎవరూ పిలవని గంటలు మిగల్లేదు. కోడులో ఒక తప్పు వెతకాలంటే ఆట అంతా బుర్రలో పెట్టుకుని కూర్చోవాలి. మధ్యలో ఒక్కసారి లేస్తే మళ్ళీ మొదటికొస్తుంది.

రెండో చిక్కు పరీక్ష. తన ఆట ఎక్కడ కష్టంగా ఉందో తయారు చేసినవాడికి తెలియదు. కొత్తమనిషి చేతికిచ్చి, పక్కన నోరు మెదపకుండా నిలబడి చూడాలి. ఇంటర్నెట్‌లో పంపితే “బాగుంది” అన్న మాట వస్తుంది గానీ, తికమకపడిన మొహం కనబడదు.

మూడోది డబ్బు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2020 మార్చి 16 నుంచి 20 దాకా జరగాల్సిన గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్ వాయిదా పడింది. చిన్నవాళ్ళు పబ్లిషర్లని కలిసి పెట్టుబడి సంపాదించుకునే చోటు అది. నెలజీతం లేనివాడికి ఆట ఆలస్యమైతే ఆదాయం కూడా ఆలస్యమే.

ఆ కాన్ఫరెన్స్ వాళ్ళే 2020 జులైలో చిన్నా పెద్దా డెవలపర్లని సుమారు 2,500 మందిని అడిగారు. ఇంటినుంచి చేస్తే పని తగ్గిందని నూటికి 41 మంది, పెరిగిందని 32 మంది చెప్పారు. తమ ఆట ఆలస్యమైందన్నవాళ్ళు 33 శాతం. 2021 సర్వేలో అది 44 శాతానికి చేరింది. అంటే దెబ్బ ఆలస్యంగా బయటపడింది.

ఇంకో పక్క ఆడేవాళ్ళు పెరిగారు. 2020 మార్చి 15న స్టీమ్‌లో ఒకేసారి 2 కోట్లమందికి పైగా ఉన్నారు. 2018లో ఒక చిన్న బృందం చేసిన ‘అమాంగ్ అస్’ 2020లో ప్రపంచమంతా పాకింది. ఆ తాకిడికి వాళ్ళు రెండో భాగం ఆలోచన మానుకుని పాతదాన్నే బాగుచేస్తూ కూర్చున్నారు. పూణేలోని నోడింగ్ హెడ్స్ వాళ్ళ ‘రాజీ’ కూడా 2020 ఆగస్టులోనే విడుదలైంది. కాకపోతే దాని వెనక అంతకుముందు కొన్నేళ్ళ శ్రమ ఉంది. లాక్‌డౌన్‌లో కోసిన పంట ముందే వేసింది.

ఇందులో మన ఇళ్ళకి పనికొచ్చే సంగతి ఒకటుంది. మీ అబ్బాయో, అమ్మాయో, ఇంటాయనో కంప్యూటరు ముందు కూర్చుని ఏదో తయారు చేస్తున్నారా? “ఇంట్లోనే ఉన్నావుగా, కాస్త ఇటు రా” అనేముందు ఒక్క క్షణం ఆగండి. రోజుకి రెండు గంటలు, ఎవరూ తలుపు తట్టని రెండు గంటలు ఇవ్వండి. గది లేకపోయినా ఫరవాలేదు, మాట ఇస్తే చాలు.