వర్చువల్ ఇన్‌ఫ్లుయెన్సర్

కృత్రిమ మేధ వార్తల్లో తరచూ కనిపిస్తున్న పదమిది. కంప్యూటర్‌లో రూపుదిద్దుకుని, సామాజిక మాధ్యమాల్లో అచ్చం మనిషిలా పోస్టులు పెడుతూ అభిమానులను సంపాదించుకునే పాత్రే వర్చువల్ ఇన్‌ఫ్లుయెన్సర్.

ముఖం, దుస్తులు, హావభావాలను గ్రాఫిక్స్ నిపుణులు లేదా ఏఐ సాఫ్ట్‌వేర్ తయారుచేస్తారు. మాటలు, అభిరుచులు, వ్యాపార ఒప్పందాలు తెర వెనుక బృందం చూసుకుంటుంది. అమెరికాలో లిల్ మికేలా 2016లో ఇన్‌స్టాగ్రామ్‌లో అడుగుపెట్టింది. మన దేశంలో కైరా 2022లో వచ్చింది. తెలుగులో దగ్గరి ఉదాహరణ 2023లో బిగ్ టీవీ పరిచయం చేసిన ఏఐ యాంకర్ మాయ. అయితే మాయ పని వార్తలు చదవడమే.

కొందరు వర్చువల్ ఇన్‌ఫ్లుయెన్సర్లను సినిమా పాత్రల్లా చూసి ఆనందిస్తారు. మరికొందరు నిజమైన మనుషులేనని నమ్మి పలకరిస్తారు.

మార్కాపురంలోనో గిద్దలూరులోనో ఫోన్‌లో ప్రకటన చూసి క్రీమ్ కొనేవారికి ఒక విషయం తెలియడం అవసరం. ఆ క్రీమ్‌ను మెచ్చుకుంటున్న పాత్రకు రాసుకునే చర్మమే లేదు. అందుకే ఎదుట ఉన్నది మనిషి కాదని స్పష్టంగా చెప్పాలని భారత ప్రకటనల ప్రమాణాల మండలి 2021 మార్గదర్శకాల్లో పేర్కొంది. డబ్బు తీసుకుని చేసే ప్రచారమైతే ఆ సంగతీ వెల్లడించాలి. కొనేముందు ప్రొఫైల్ వివరాల్లో ‘వర్చువల్’, ‘ఏఐ’, పోస్టులో ‘ప్రకటన’ అన్న మాటలున్నాయేమో చూడండి.