పోయేటప్పుడు బాక్సు, వచ్చేటప్పుడు డబ్బా!

ఇంగ్లీషువాడి మాటల్లో మన సినిమా జనానికి ఎక్కువ ముద్దొచ్చిన మాట ఏదంటారు? ‘హీరో’ అంటారా? ‘హిట్టు’ అంటారా? నన్నడిగితే ‘బాక్సు’ అంటాను! నిఘంటువు తిరగేస్తే పెట్టె అంటుంది, పిడిగుద్దు అంటుంది, నాటకశాలలో గొప్పవాళ్ళు కూర్చునే అర అంటుంది, చివరికి ఒక రకం చెట్టు అని కూడా అంటుంది. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు ఒక చుట్టు చుట్టి వస్తే ఆ నిఘంటువు చాలదనిపిస్తుంది.

ముందు అసలు బాక్సు సంగతి. ఫిలిమ్ రోజుల్లో ఒక రీలు సుమారు 1000 అడుగులు. తెర మీద పదకొండు నిమిషాలు నడుస్తుంది. మన చిత్రానికి పదిహేను, పదహారు రీళ్ళు మామూలే. రీళ్ళు గుండ్రటి రేకు డబ్బాల్లో, ఆ డబ్బాలు ఇనప పెట్టెల్లో సర్దుకుని విజయవాడ గాంధీనగరంలోని డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసుల నుంచి బయల్దేరేవి. బస్సు టాపు మీద కొన్ని, రైల్లో కొన్ని. (రైలు బోగీని కూడా మనవాళ్ళు పెట్టె అనే అంటారు. అంటే పెట్టెలో పెట్టె, అందులో డబ్బా!) అభిమాన హీరో బొమ్మయితే బాక్సుకి దండ, హారతి, కొబ్బరికాయ, మేళతాళాలతో ఊరేగింపు. హీరోగారు ఊళ్ళోకి రాకపోయినా ఆయన బాక్సు వచ్చేది మరి!

రాకపోతేనో? ‘బాక్సు రాలేదు’ అన్న రెండు ముక్కలు వినడానికి చిన్నవే. కానీ కొల్లేటి లంకల నుంచి పడవ దాటి, రోడ్డెక్కి, ఏలూరుకో కైకలూరుకో ఆకివీడుకో సినిమా కోసం వచ్చినవాడికి అది ఒక రోజు కూలి మీద దెబ్బ. మళ్ళీ ఎప్పుడు కుదురుతుందో!

ఇప్పుడు అసలు తమాషా. బొమ్మ ఆడితే అది ‘బాక్సాఫీసు’ విజయం. బాక్సులు బద్దలైపోయాయంటారు. ఆడకపోతే? ‘మూడో రోజే డబ్బాలు తిరిగొచ్చేశాయి’ అంటారు. అదే రేకు, అవే రీళ్ళు, అదే బస్సు టాపు. పోయేటప్పుడు ఇంగ్లీషు గౌరవం, వచ్చేటప్పుడు డబ్బా! సినిమా బాగాలేకపోయినా డబ్బానే, నిర్మాత తన సినిమాని తనే పొగుడుకున్నా సొంత డబ్బానే. విడుదలే కానిదైతే డబ్బాల్లో మగ్గిపోయిందంటారు. ఓడినవాడి మాట పక్కింటి మాట, గెలిచినవాడి మాట పరాయి దేశం మాట. మన లోకం తీరు ఇంతే అనుకోండి.

అన్నట్టు, బాక్సాఫీసు పుట్టింది సినిమాలో కాదు. ఇంగ్లీషు నాటకశాలల్లో బాక్సు సీట్లు ఇచ్చే గది అది. 18వ శతాబ్దం నాటి మాట. మన హాళ్ళలోనూ నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ దాటాక ‘బాక్సు’ ఉండేది. నేలవాడి ఈలలకి దూరంగా కూర్చోవాలంటే డబ్బు ఎక్కువ పెట్టాలి. ఈల వినపడకుండా సినిమా చూడ్డంలో ఏం సుఖముందో నాకైతే అర్థం కాదు!

కొల్లేరు గట్టు మీద బాక్సుకి వాసన మారుతుంది. కైకలూరు, ఆకివీడు వైపు బాక్సంటే ఐసు పోసి బొచ్చె, శీలావతి చేపలు సర్దినది. లారీలెక్కి బెంగాలుకి, అస్సాముకి పోతుంది. దారిలో ఆలస్యమైతే ఐసు కరుగుతుంది, ధర కూడా దానితోపాటే కరుగుతుంది. సినిమా బాక్సుకీ దీనికీ పెద్ద తేడా ఏముంది? రెండూ నిలవుంటే పాడయ్యే సరుకే.

బ్యాలెట్ బాక్సు సంగతి మీకు చెప్పనక్కర్లేదు. సినిమా బాక్సాఫీసుని ఏలిన ఎన్.టి.రామారావు గారు 1982 మార్చిలో పార్టీ పెట్టారు, 1983 జనవరిలో ఆ బాక్సూ గెలిచారు.

2005 తర్వాత శాటిలైటు, హార్డ్ డిస్కు వచ్చి ఇనప బాక్సుకి ఎసరు పెట్టాయి. ఇంకో పదేళ్ళకి ప్రింటు అన్నదే కనుమరుగైంది. గీతలు పడిన ప్రింటుతో తెర మీద వాన కురవడం ఆగింది, మంచిదే. కానీ బస్టాండులో బాక్సు దించిన కుర్రాడు, దాన్ని రిక్షాలో హాలుకి చేర్చినవాడు, రీళ్ళు అతికిన ఆపరేటరు... వీళ్ళంతా ఏమయ్యారని ఎవరూ అడగలేదు. హాస్యనటుడు రేలంగి వెంకట్రామయ్య గారు థియేటరు కట్టిన తాడేపల్లిగూడెంలో ఒక పాత ఆపరేటరు గారిని నేను అడిగాను. రీలు చేతిలో పట్టుకుంటే సినిమా బరువు తెలిసేదట, ఇప్పుడు మీట నొక్కడమే పనట.

మరిప్పుడు సినిమా తెరవాలంటే కంప్యూటరుకి ఒక రహస్య తాళం రావాలి. ఆ తాళం ఆలస్యమైతే తెల్లవారుజామున బెనిఫిట్ షో దగ్గర కుర్రాళ్ళు గేటు పట్టుకుని ఊపేస్తున్నారు. వాళ్ళలో చాలామంది సినిమా బాక్సుని కళ్ళతో చూసి ఉండరు. అయినా గేటు దగ్గర నేను విన్న కేక మాత్రం పాతదే: “ఏమండీ, బాక్సు వచ్చిందా లేదా?”