మూడు సూర్యులున్న గ్రహంలో రాత్రి

'మూడు సూర్యులున్న గ్రహం' అని ఎక్కడైనా వార్త పడితే చాలు, నాకు రెండు ప్రశ్నలు తప్పకుండా ఎదురవుతాయి. అక్కడ రాత్రే ఉండదు కదా? మూడూ మూడు వైపులకు లాగుతుంటే ఆ గ్రహం చివరికి ఏదో ఒకదాంట్లో పడిపోదా? 2024లో నెట్‌ఫ్లిక్స్‌లో 'త్రీ బాడీ ప్రాబ్లమ్' వచ్చాక రెండో ప్రశ్న మరీ ఎక్కువైంది. ఆ సిరీస్‌కు మూలమైన నవలలో రచయిత లియూ సిషిన్ ఊహించిన మూడు సూర్యుల లోకం కథకు బలం. ఆకాశంలో దొరుకుతున్న మూడు నక్షత్రాల కుటుంబాలు మాత్రం అలా లేవు. మూడూ దగ్గర దగ్గరగా, అడ్డదిడ్డంగా తిరిగే ఏర్పాటు ఎంతోకాలం నిలవదు. మిగతా రెండూ కలిసి మూడోదాన్ని బయటికి విసిరేస్తాయి. కోట్ల ఏళ్లు నిలిచి ఇవాళ మన కంట పడుతున్నవన్నీ ఒక వరసలో సర్దుకున్నవే.

కెల్ట్-4 సంగతి చూడండి. సింహరాశి దిక్కున, దాదాపు 700 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అందులో పెద్ద నక్షత్రం 'ఏ' మన సూర్యుడి కంటే కాస్త పెద్దది, కాస్త వేడిది. దానికి చాలా దూరంగా 'బి', 'సి' అనే రెండు చిన్న నక్షత్రాలు జంటగా ఉన్నాయి. ఆ రెండింటి మధ్య దూరం ఇంచుమించు సూర్యుడికీ శనికీ మధ్య ఉన్నంత. ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి రావడానికి 30 ఏళ్లు పడుతుంది. ఈ జంటకూ 'ఏ'కూ మధ్య దూరం మాత్రం భూమికీ సూర్యుడికీ ఉన్న దూరానికి 300 రెట్లు పైనే, అంటే నెప్ట్యూన్ కంటే పదింతల దూరం. ఆ పెద్ద చుట్టు పూర్తవడానికి దాదాపు 4,000 ఏళ్లు కావాలి. ఇక గ్రహం 'ఏ'ని అంటిపెట్టుకుని తిరుగుతుంది. సూర్యుడికి బుధుడున్న దూరంలో తొమ్మిదో వంతు దూరంలో ఉంది, దాని ఏడాది మూడు రోజులు. ఎవరి చుట్టు వారిది. గ్రహానికి ఆ దూరపు జంట వల్ల రోజువారీ గందరగోళం ఏమీ లేదు.

మరి రాత్రి? ఉంది, ఒక పక్క ఎప్పటికీ ఉంది. నక్షత్రానికి ఇంత దగ్గరగా తిరిగే గ్రహం, చంద్రుడు మనకు ఎప్పుడూ ఒకే ముఖం చూపించినట్టు, నక్షత్రం వైపు ఒకే ముఖం పెట్టి తిరుగుతుందని శాస్త్రజ్ఞుల అంచనా. ఎండ పక్కన ఆకాశంలో సూర్యుడు మనం చూసేదాని కంటే దాదాపు 40 రెట్లు వెడల్పు. చీకటి పక్కన ఆ జంట ఉదయించినప్పుడు మనకు పౌర్ణమి చంద్రుడు ఇచ్చేటంత వెలుగు వస్తుంది. మిగతా ఇద్దరు 'సూర్యులూ' కలిసి ఇచ్చేది అంతే.

ఇంత దూరపు గ్రహాన్ని పట్టుకున్నది ఫొటోలో కాదు. అది నక్షత్రానికి అడ్డంగా వచ్చినప్పుడు వెలుగు కాస్త తగ్గుతుంది. తగ్గిన వెలుగు గ్రహం సైజు చెబుతుంది. దీన్నే ట్రాన్సిట్ అంటారు. ఈ మాట వచ్చినప్పుడు విశాఖపట్నం తలుచుకోకుండా నేను ముందుకు పోలేను. గోడే వెంకట జగ్గారావు 1840లో అక్కడ సొంత ఖర్చుతో వేధశాల కట్టించారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబాన్ని దాటడాన్ని అక్కడి నుంచే పరిశీలించి నమోదు చేశారు. శుక్రుడు ఆ రోజు కప్పింది సూర్యబింబంలో వెయ్యింట ఒక వంతు. గ్రహణంలోనూ జరిగేది అదే, ఒక గోళం మరో గోళం వెలుగుకు అడ్డు రావడం. నరసింగరావు కాలం నుంచి 150 ఏళ్లు గడిచినా గ్రహణం వేళ గర్భిణులను తలుపులేసి కూర్చోబెట్టి, మంచినీళ్లు కూడా ఇవ్వని ఇళ్లు ఇంకా ఉన్నాయి. కడుపులో బిడ్డకు హాని చేస్తే చేసేది ఆ పస్తే. నీడకు ఆ శక్తి లేదు.

మళ్లీ మన గ్రహం దగ్గరికి వద్దాం. దాన్ని పట్టుకున్న కెల్ట్ అనే టెలిస్కోపు అరిజోనాలో పనిచేసేది. టెలిస్కోపు అంటున్నాను కానీ, అది 42 మిల్లీమీటర్ల కెమెరా లెన్సు. ఒక్క చూపులో ఆకాశంలో పెద్ద ముక్కను పట్టేసేది. ఆ విశాలమైన చూపుకు మూడు నక్షత్రాలూ కలిసి ఒకే చుక్క. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. దీన్ని నిదానంగా చూడాలి.

పాల కేంద్రానికి పాలు పోసేవాళ్లకు ఈ లెక్క కొత్త కాదు. గేదె పాలలో వెన్న 7 శాతం ఉందనుకుందాం. లీటరు పాలకు లీటరు నీళ్లు కలిపితే మిషన్ మూడున్నర చూపిస్తుంది. వెన్న ఎక్కడికీ పోలేదు, శాతం సగమైంది. గ్రహం అడ్డొచ్చి తగ్గించిన వెలుగు ఆ వెన్న, పక్క నక్షత్రాల వెలుగు ఆ నీళ్లు. నక్షత్రం ఒక్కటే ఉంటే వెలుగు 1 శాతం తగ్గేచోట, అంతే వెలుగున్న ఇంకో నక్షత్రం అదే చుక్కలో కలిస్తే అర శాతమే తగ్గినట్టు కనిపిస్తుంది. దాన్ని నమ్మి లెక్కేస్తే గ్రహం వెడల్పు దాదాపు 30 శాతం తక్కువ వస్తుంది. గ్రహం లాగుడుకు నక్షత్రం అటూ ఇటూ కదలడాన్ని కొలిచి బరువు వేరే దారిలో కడతారు కాబట్టి అది పెద్దగా మారదు. బరువు అదే ఉండి వెడల్పు తగ్గితే సాంద్రత దాదాపు మూడు రెట్లవుతుంది. అంటే గ్రహం గుణమే తప్పుగా రాసుకుంటాం.

పైగా మూడున్నర శాతం చూసి అవి నీళ్లు కలిపిన గేదె పాలో, మంచి ఆవు పాలో తేల్చలేం. అందుకే లాక్టోమీటరు ముంచుతారు. ఇక్కడ ఆ పని చేసింది హవాయిలోని కెక్ టెలిస్కోపు. గాలి కదలికను ఎప్పటికప్పుడు సరిదిద్దుకునే అద్దంతో చూస్తే, 'ఏ' పక్కనున్న చుక్క 'బి', 'సి'లుగా విడిపోయింది. ఎవరి వెలుగు ఎంతో తెలిసింది, కలిసిన నీళ్ల లెక్క తేలింది. రంగు కూడా సాయం చేస్తుంది. 'బి', 'సి' చల్లటివి, ఎర్రటివి. ఎర్ర ఫిల్టరులో చూస్తే వాటి వాటా పెరుగుతుంది, నీలి ఫిల్టరులో తగ్గుతుంది. రెండింటిలోనూ తగ్గుదల పోల్చి చూస్తే కల్తీ బయటపడుతుంది. ఇవన్నీ లెక్కలోకి తీసుకుని 2016లో వెలువడిన పరిశోధన పత్రం చెప్పింది ఇది: ఈ గ్రహం బరువు గురుడి బరువులో పదింట తొమ్మిది వంతులు, వెడల్పు మాత్రం గురుడికి 1.7 రెట్లు. నీటి సాంద్రతలో నాలుగో వంతు. వేడికి ఉబ్బిన వాయుగోళం.

ఇంత పెద్ద గ్రహం నక్షత్రానికి అంత దగ్గర పుట్టి ఉండదు, దూరం నుంచి వచ్చిందనే చాలామంది నమ్మకం. ఆ రాకలో పక్క నక్షత్రాల చేయి ఉండొచ్చు. సోవియట్ శాస్త్రజ్ఞుడు లిదోవ్ 1961లో, జపాన్‌కు చెందిన కొజాయ్ 1962లో విడివిడిగా చూపించిన సంగతి ఇది. దూరాన ఉన్న నక్షత్రం కక్ష్య గ్రహం కక్ష్యకు బాగా వాలుగా ఉంటే, లక్షల ఏళ్ల మెల్లటి లాగుడుకు గ్రహం కక్ష్య సాగి సాగి కోలగా అవుతుంది. అలా సాగిన కక్ష్యలో గ్రహం చుట్టుచుట్టుకూ నక్షత్రాన్ని రాసుకుంటూ పోతుంది. అలా దగ్గరికి వచ్చినప్పుడల్లా కలిగే ఆటుపోట్లలో శక్తి పోగొట్టుకుని, చివరికి చిన్న గుండ్రటి కక్ష్యలో స్థిరపడుతుంది.

దారి మధ్యలో ఉన్నట్టు తోచే గ్రహం ఒకటి ఉంది, పేరు హెచ్‌డీ 80606బి. దాని నక్షత్రానికి హెచ్‌డీ 80607 అనే జంట నక్షత్రం ఉంది. గురుడి కంటే నాలుగు రెట్లు బరువున్న ఈ గ్రహం 111 రోజులకు ఒక చుట్టు తిరుగుతుంది. ఆ చుట్టులో ఒకసారి మన భూమికీ సూర్యుడికీ ఉన్నంత దూరానికి కాస్త ఇవతల దాకా పోతుంది, ఒకసారి అందులో ముప్పయ్యో వంతు దాకా దూసుకొస్తుంది. అలా దూసుకొచ్చినప్పుడు ఆరు గంటల్లో దాని వేడి 500 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల నుంచి 1,200 దాకా ఎగబాకడాన్ని స్పిట్జర్ అంతరిక్ష టెలిస్కోపు 2007లో కొలిచింది. 2009 ఫిబ్రవరిలో ఈ గ్రహం నక్షత్రానికి అడ్డుపడటం మొదటిసారి దొరికింది. ఆ అడ్డు దాదాపు 12 గంటలు సాగుతుంది, ఒక్క ఊరి రాత్రిలో మొత్తం చూడటం చాలా కష్టం. అయినా లండన్ విశ్వవిద్యాలయం వేధశాలలో 35 సెంటీమీటర్ల టెలిస్కోపులతోనే దాన్ని పట్టుకోగలిగారు. కారణం హెచ్‌డీ 80607. అది ఇంచుమించు అదే వెలుగుతో, అదే రంగుతో, కెమెరాలో విడిగా కనిపించేంత ఎడంగా ఉంది. మేఘం పలచగా కమ్మినా, గాలి కదిలినా రెండూ ఒకేలా మసకబారతాయి. రెండింటి వెలుగు పోల్చి చూస్తే, వాటిలో ఒకటి మాత్రమే 1 శాతం తగ్గిందని స్పష్టంగా తెలిసింది.