మడత సైకిలు – బరువు, బలం, బాగోగులు

(తృతీయ బి.ఎస్సీ. విద్యార్థి)

పల్లె నుంచి కాలేజీకి వచ్చే విద్యార్థికి సైకిలు విలాసం కాదు, అవసరం. మా ఊరి నుంచి బస్సు ఆగే రోడ్డుకి 4 కిలోమీటర్లు, బస్సు దిగాక కాలేజీకి మరో 3. రెండు చివర్లా సైకిలు కావాలి, మధ్యలో దాన్ని బస్సు ఎక్కించాలి. ఈ చిక్కుకి విరుగుడు మడత సైకిలు. విశాఖపట్నంలో ఉండే మా మేనమామ తాను వాడిన 20 అంగుళాల చక్రాల ఉక్కు సైకిలు నాకిచ్చి రెండేళ్ళయింది. దాన్ని చూసిన మిత్రులు అడిగే ప్రశ్నలు మూడే. "చిన్న చక్రం గదా, ఎక్కువ తొక్కాలేమో?" "ఇంకా తేలిక చెయ్యొచ్చా?" "మధ్యలో విరిగిపోదూ?" క్లాసులో నేర్చుకున్న నాలుగు ముక్కలతోనే వీటికి జవాబు చెప్పొచ్చు.

కొంత చరిత్ర

రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల నుంచి దూకే బ్రిటిష్ సైనికుల కోసం బి.ఎస్.ఎ. కంపెనీ మడత సైకిళ్ళు తయారుచేసింది. మన వీధుల్లో సైకిళ్ళ మీద చూసిన ఆ మూడు అక్షరాలకు అర్థం బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్, అంటే అది మొదట తుపాకుల కంపెనీ! 1962లో అలెక్స్ మౌల్టన్ అనే ఇంగ్లీషు ఇంజనీరు చిన్న చక్రాలు, రబ్బరు స్ప్రింగులు కలిపి ఒక సైకిలు చేసి, చిన్న చక్రం పిల్లల ఆట వస్తువు కాదని రుజువు చేశాడు. 1970లలో ఆండ్రూ రిచీ లండన్‌లో తన ఇంట్లోనే మడత సైకిలు నమూనా చేసి, కిటికీలోంచి కనబడే బ్రాంప్టన్ ఆరేటరీ చర్చి పేరే దానికి పెట్టాడు. 1982లో అమెరికాలో డేహాన్ కంపెనీ పెట్టిన డేవిడ్ హాన్ భౌతికశాస్త్రవేత్త. మన సబ్జెక్టు వాడేనని చెప్పుకోవడానికి నాకు కొంచెం గర్వం.

చిన్న చక్రం – పెద్ద అపోహ

మా నాన్న పొలానికి వేసుకెళ్ళే 28 అంగుళాల సైకిలుకి ముందు పళ్ళచక్రానికి 44 పళ్ళు, వెనక 18. చక్రం చుట్టుకొలత 2.2 మీటర్లు. పెడలు ఒక చుట్టు తిరిగితే 44/18 × 2.2, సుమారు 5.4 మీటర్లు పోతుంది. నా మడత సైకిలు చక్రం చుట్టుకొలత 1.53 మీటర్లే. కాని ముందు 48 పళ్ళు, వెనక అతి చిన్న గేరుకి 14. 48/14 × 1.53 అంటే సుమారు 5.2 మీటర్లు. తేడా జానెడు! చక్రం తగ్గినంత మేర పళ్ళ నిష్పత్తి పెంచారు, అంతే సంగతి.

అసలు నష్టం మరోచోట ఉంది. 3 సెంటీమీటర్ల ఎత్తు రాయి అడ్డొచ్చిందనుకోండి. 35 సెంటీమీటర్ల వ్యాసార్థం ఉన్న పెద్ద చక్రం కంటే 25 సెంటీమీటర్ల చిన్న చక్రాన్ని దాని మీదికి ఎక్కించడానికి సుమారు ఐదో వంతు ఎక్కువ బలం కావాలి. మన గతుకుల రోడ్ల మీద సన్నని రేసు టైర్లు వేస్తే నడుము, రిమ్ము రెండూ పోతాయి. 1.75 అంగుళాల వెడల్పు టైరే మనకు మేలు.

తేలిక ఎవరి కోసం?

మొదట నా సైకిలు 15.2 కిలోలు. మా ఊళ్ళో పత్తి తూచే కాటా మీద ఒక్కొక్క భాగం విప్పి తూచాను. కారియరు 800 గ్రాములు, స్టాండు 400, చెయిను కవరు 200. మూడూ తీసేస్తే పైసా ఖర్చు లేకుండా 1.4 కిలోలు తగ్గింది. స్ప్రింగుల సీటు బదులు పాత సైకిళ్ళ కొట్టులో దొరికిన పల్చటి సీటు వేస్తే ఇంకో 500 గ్రాములు. అరిగిన టైర్లు ఎలాగూ మార్చాలి కనుక కాస్త తేలికవి వేశాను, రెంటికీ కలిపి 300. ఇప్పుడు బరువు సరిగ్గా 13 కిలోలు.

ఇక లెక్క చూద్దాం. నా బరువు 60 కిలోలు. తొక్కేటప్పుడు సైకిలూ నేనూ కలిపి 75.2 కిలోలు ఉండేవాళ్ళం. అందులో 2.2 తగ్గితే నూటికి మూడు కూడా కాదు. దొర్లుడు ఘర్షణ గుణకం 0.008 అనుకుంటే నిరోధ బలం 5.9 న్యూటన్లు. 2.2 కిలోల వల్ల కలిసొచ్చేది 0.17 న్యూటను. అదే టైర్లో గాలి తగ్గి గుణకం 0.012 అయిందనుకోండి, దాదాపు 3 న్యూటన్లు అదనంగా మోయాలి. అంటే గాలి కొట్టుకోని బద్ధకం, తేలిక చేసినందువల్ల వచ్చిన లాభానికి 17 రెట్లు నష్టం! టైర్ల బరువు తగ్గితే బయలుదేరేటప్పుడు మాత్రం రెట్టింపు ఫలం. చక్రం అంచున ఉన్న ద్రవ్యరాశి ముందుకూ పోవాలి, గిరగిరా తిరగనూ తిరగాలి గదా. వేగం స్థిరపడ్డాక సమతలం మీద ఆ తేడా కనబడదు.

మరి ఇదంతా ఎందుకు? బస్సు మెట్లెక్కించేటప్పుడు, హాస్టలు మూడో అంతస్తుకి మోసేటప్పుడు చేతిలో ఉండేది సైకిలు ఒక్కటే. అప్పుడు 15.2 లోంచి 2.2 పోవడమంటే ఏడో వంతు తగ్గినట్టు. కాబట్టి నేను చెప్పొచ్చేదేమంటే, మడత సైకిలుని తేలిక చేయడం కాలి కోసం కాదు, చేతి కోసం. ఈ మాట పట్టుకుంటే డబ్బు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో తెలిసిపోతుంది. ఒక్క కిలో తగ్గించడానికి వేలు పోసే ఖరీదైన సామాను మనకు అనవసరం. అదే సొమ్ముతో మా నాన్న ఎన్ని ఎరువు బస్తాలు కొంటాడో నాకు తెలుసు.

ముట్టుకోకూడని చోట్లు

బరువు తగ్గించాలనే ఉత్సాహంలో బలం తగ్గించరాదు. మధ్య మడతబందు, హ్యాండిలు గొట్టం, సీటు గొట్టం, క్రాంకులు, ఈ నాలిగింటి జోలికి పోకండి. సీటు గొట్టం పొడుగ్గా ఉందని కోయడం, దాని మీద గీసిన హద్దు గీత బయటికి కనబడేలా పైకి లాగడం ప్రాణాంతకం. అల్యూమినియం ఫ్రేము ఉన్నవారికి మరో మాట: చిన్న బరువులే అయినా లక్షలసార్లు పడితే ఆ లోహం అలిసిపోయి పగులుతుంది. అతుకుల దగ్గర రంగు మీద వెంట్రుకంత గీత కనబడినా తొక్కడం ఆపి చూపించుకోవాలి.

వారానికి పావుగంట

మడతబందు మీటని అరచేత్తో గట్టిగా నొక్కితేనే పడాలి. రెండు వేళ్ళతో పడిపోతే వదులైనట్టే. సర్దుబాటు నట్టుని కొద్దికొద్దిగా బిగించండి. కీలు పిన్నుకి ఒక చుక్క నూనె చాలు. రెండు ముఖాలు కలిసేచోట మట్టి ఉండకూడదు. సీటు గొట్టానికి మాత్రం నూనె పూయకండి, జారుతుంది.

చెయిను అరిగిందో లేదో 12 అంగుళాల స్కేలు చెబుతుంది. ఒక పిన్ను దగ్గర సున్నా పెడితే 24 లింకుల అవతలి పిన్ను సరిగ్గా 12 దగ్గర ఉండాలి. అంగుళంలో పదహారో వంతు దాటితే చెయిను మార్చాలి. ఎనిమిదో వంతు దాకా ఊరుకుంటే పళ్ళచక్రాలు కూడా తినేస్తుంది. కిరసనాయిలు గుడ్డతో తుడిచి, నూనె వేసి, పైన మిగిలింది మళ్ళీ తుడిచెయ్యాలి. లేకపోతే దుమ్మంతా అంటుకుని ఆకురాయిలా అరగదీస్తుంది.

చిన్న చక్రం కిలోమీటరుకి సుమారు 650 చుట్లు తిరుగుతుంది, పెద్దది 455. అందుకే బాల్‌రేసుల గ్రీజు, టైర్లు తొందరగా అయిపోతాయి. మడిచినప్పుడల్లా వంగే బ్రేకు కేబులు ఆ వంపు దగ్గరే పోగులు విడుతుంది. రోజూ మడిచేవాళ్ళు అక్కడ ఓ కన్నేసి ఉంచాలి. టైరు పక్కన అచ్చేసిన పీడనం చూసి వారానికోసారి గాలి కొట్టాలి.

చివరగా ఒక విన్నపం

పైన చెప్పినవాటికి కావలసింది ఒక మీటరున్న గాలి పంపు, ఒక పానాల సెట్టు, ఒక నూనె డబ్బా. ఒక్కొక్కరం కొనాలంటే బరువే, అందరికీ కలిపి ఒకటైతే స్వల్పం. వచ్చే ఏడు విద్యార్థి సంఘం మన సైకిలు స్టాండులో వీటిని ఒక మూల పెడితే, పల్లెల నుంచి వచ్చే మాబోటివాళ్ళం ఎవరి సైకిలు వారే చూసుకుంటాం. నేర్చుకోవాలనుకునే మిత్రులకు శనివారం సాయంత్రాలు నేర్పడానికి నేను సిద్ధం. ఫస్టవరు అటెండెన్సు కూడా దానంతటదే పెరుగుతుందని లెక్చరరు గార్లకు వేరే చెప్పనక్కరలేదు.