రక్తములో సోడియము తగ్గినప్పుడు

2002వ సంవత్సరమున అమెరికాలోని బోస్టన్ నగరములో జరిగిన మారథాన్ పరుగులో 488 మంది రక్తమును గమ్యము వద్ద పరీక్షించిరి. నూటికి 13 మందిలో సోడియము తక్కువగా నుండెను. చెమటతో ఉప్పు పోవుటయే ఇందుకు కారణమని తోచవచ్చును. కాని పరుగు ముగియునప్పటికి ఎవరి బరువు పెరిగినదో వారిలోనే ఈ లోపము ఎక్కువగా కనబడినది. వారు దారి పొడవునా అవసరమునకు మించి నీరు త్రాగిరి.

ఉప్పు వేసిన మజ్జిగలో నీరు పోసినకొలది అది చప్పబడును. ఉప్పు ఎక్కడికిని పోలేదు, నీరు హెచ్చినది. రక్తము సంగతియు తరచుగా ఇంతే. లీటరుకు 135 నుండి 145 మిల్లీ ఈక్వివలెంట్ల వరకు సోడియము ఉండవలెను. ఆరోగ్యవంతుని మూత్రపిండములు అదనపు నీటిని త్వరలోనే విసర్జించును. అయితే పీయూష గ్రంథి నుండి వెలువడు వేసోప్రెసిన్ అను హార్మోను ఆ నీటిని ఆపివేయును. న్యుమోనియా, శస్త్రచికిత్స, వాంతులు, కొన్ని మందులు దీనిని హెచ్చించును. రక్తపు పోటుకు వాడు కొన్ని మూత్రకారక మాత్రలవలన వృద్ధులలో సోడియము తగ్గుట తరచు చూచుచున్నదే.

నీటిలో వేసిన ఎండుద్రాక్ష ఉబ్బుట తరగతిలో చూచినదే కదా! సోడియము తగ్గినప్పుడు ద్రవాభిసరణచే కణములు అట్లే ఉబ్బును. కాలి కండరము ఉబ్బినను చోటు కలదు. పుర్రెలోని మెదడునకు చోటు లేదు. కనుకనే తలనొప్పి, వికారము, తడబాటు, మతి తప్పుట, తుదకు మూర్ఛలు కలుగును. ముసలివారు తికమకగా మాటలాడినచో వయసు మీద నెట్టివేయుట మనకు అలవాటు. ఒక్క రక్తపరీక్షతో నిజము తేలును.

ఊరగాయ ఎక్కువ పెట్టుట దీనికి మందు కాదు. విరేచనములతో ఉప్పు పోయినవారికి ఉప్పు, నీరు రెండును కావలెను. వేసోప్రెసిన్ హెచ్చినవారికి నీరు తగ్గించవలెను. కారణము తెలియక చేయు వైద్యము కీడే చేయును. మూర్ఛలు, మగత కనిపించినచో వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. అచట నూటికి 3 పాళ్ల ఉప్పు గల ద్రావణమును కొద్దికొద్దిగా నరములోనికి ఎక్కింతురు.

ఇక్కడ తొందర పనికిరాదు. లోపము రెండు దినములకు మించినచో మెదడు కణములు తమలోని కొన్ని లవణములను వదలి సర్దుకొనును. అప్పుడు రక్తములో సోడియము హఠాత్తుగా పెరిగినచో నాడీతంతువులపై నుండు మయలిన్ తొడుగు చెడి మాట, మింగుట, కాలుసేతుల కదలిక పోవచ్చును. కావున 24 గంటలలో 8 లేక 10కి మించి పెరగకుండ మాటిమాటికి రక్తము పరీక్షింతురు. రోగి వాడు మాత్రలన్నియు ఆసుపత్రికి తీసికొనిపోయి, లక్షణములు ఎన్ని దినముల నుండి ఉన్నవో వైద్యునికి చెప్పవలెను. చికిత్స ఎంత వేగముగా సాగవలెనో నిర్ణయించుటకు ఆయనకు ఆ లెక్క కావలెను.