హైడ్రోఫ్లోరికామ్లం బలహీనమెందుకు?

మూలకాలన్నింటిలోను ఎలక్ట్రానులను తనవైపు లాగుకొనే శక్తి ఫ్లోరీనుకు ఎక్కువ. కాబట్టి హైడ్రోజను హాలైడులలో ఫ్లోరైడే బలమైన ఆమ్లం కావలెనని విద్యార్థులు అనుకోవడం సహజం. వాస్తవం దీనికి తలక్రిందులు. నీటిలో హైడ్రోజను క్లోరైడు, బ్రోమైడు, అయొడైడు దాదాపు పూర్తిగా అయానులుగా విడిపోతాయి. 0.1 మోలారు హైడ్రోఫ్లోరికామ్లంలో మాత్రం నూటికి సుమారు 8 అణువులే విడిపోతాయి.

కారణమేమి? బంధాన్ని త్రెంచి ప్రోటానును నీటికి అప్పగించడం ఎంత సులభమో చూడాలి. ఫ్లోరీను పరమాణువు చిన్నది. హైడ్రోజనుకు మిక్కిలి చేరువగా ఉంటుంది. ఒక మోలు బంధాలను త్రెంచడానికి ఫ్లోరైడుకు సుమారు 565 కిలోజౌళ్లు కావాలి. క్లోరైడుకు 431, బ్రోమైడుకు 366, అయొడైడుకు 298 చాలును. చిన్న ఫ్లోరైడు అయానును నీరు గట్టిగా చుట్టుకొని ఎక్కువ శక్తిని విడుదల చేస్తుంది గదా అని ఉపాధ్యాయులు అడుగవచ్చు. నిజమే. ఆ లాభం ఖర్చును సరిపెట్టి కొద్దిగా మిగులుస్తుంది కూడ. కాని నీటి అణువులు అయాను చుట్టూ కట్టుబడిపోవడంవల్ల ఎంట్రోపీ తగ్గి ఆ మిగులు హరించిపోతుంది.

మిగతా మూడింటి తారతమ్యం నీటిలో తెలియదు. మూడూ ప్రోటానును నీటికే ఇచ్చివేస్తాయి. గ్లేసియల్ ఎసిటికామ్లంలో కరిగిస్తే తేడా బయటపడుతుంది.

బలహీనమన్నంత మాత్రాన ఇది సాధువు కాదు. గాజునే తినివేస్తుంది. విడిపోని అణువుకు విద్యుదావేశం లేదు గనుక శరీరకణాల పొరలను సులభంగా దాటిపోతుంది కూడ.

దీని ఫలితం మనకు దూరాన లేదు. కాజీపేటనుంచి సికింద్రాబాదు పోయే రైలుమార్గం ఆలేరు, భువనగిరి మీదుగా వెళుతుంది. 2016 వరకు అవి నల్లగొండ జిల్లాలోనివి. ఆ జిల్లాలో గ్రానైటు శిలలనుంచి ఫ్లోరైడు బావినీటిలో చేరుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని భారతీయ ప్రమాణం. అక్కడ అనేక గ్రామాల బావులలో అంతకు కొన్ని రెట్లు కనబడింది. ఆ నీరు త్రాగినప్పుడు జఠరరసంలోని హైడ్రోక్లోరికామ్లం ఫ్లోరైడును తిరిగి హైడ్రోజను ఫ్లోరైడుగా మార్చుతుంది. పి.హెచ్. 2 వద్ద నూటికి 90కి పైగా ఆ రూపంలోనే ఉంటుంది. బలమైన ఆమ్లం బలహీనమైనదాన్ని దాని లవణంనుంచి వెడలగొట్టునని పాఠ్యపుస్తకంలో చదివేది ఇదే. ఆ అణువులు జీర్ణాశయపు గోడను దాటి రక్తంలో కలుస్తాయి. ఫ్లోరైడు పండ్లలోను, ఎముకలలోను స్థిరపడుతుంది. పండ్లు గారపట్టడం, వెన్ను వంగిపోవడం దీనివల్లనే.

పటిక, సున్నం కలిపి నీటినుంచి ఫ్లోరైడును తొలగించే విధానాన్ని నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ 1970 దశకంలో రూపొందించింది. దాని పేరే ‘నల్లగొండ పద్ధతి’.